పెద్దదిక్కు ఏ దిక్కు?

గొడుగులు బాగుచేసే పెద్దమనిషి గారికి,

జనాభా లెక్కల కార్యాలయం, దిద్దుబాట్ల గుమాస్తా నమస్కరించి రాయడమేమనగా:

మీరుంటున్న ఇంటి వివరాల్లో ఒక చిక్కు వచ్చింది. ఇంటి యజమానురాలు బస్సు కండక్టరు. రెండో మనిషి ఆవిడ తల్లి. మూడో మనిషి మీరు. యజమానురాలికి మీరేమవుతారు అన్న గడిలో "పెద్దదిక్కు" అని ఉంది. మా కొత్త యంత్రం అందులో "దిక్కు" ఒక్కటే పట్టుకుని, మీ వివరాలను ఇళ్ల ముఖద్వారాల విభాగానికి తోసేసింది. వాళ్లు దిక్కులన్నీ వెతికి, పెద్ద దిక్కు, చిన్న దిక్కు అంటూ ఏవీ లేవని తిప్పి పంపారు.

కాబట్టి మీరు ఏ దిక్కో వెంటనే తెలుపగలరు. తప్పు వివరమని తేలితే చెప్పినవారు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఇట్లు,
దిద్దుబాట్ల గుమాస్తా

తా.క.: ఇది ఆఫీసు మాట కాదు. గాలి వస్తే నా గొడుగు తిరగబడుతోంది. ఏ దిక్కు గాలి అయినా సరే.


అయ్యా, దిద్దుబాట్ల గుమాస్తా గారికి దండాలు.

ఉత్తరం అందింది. ఆఫీసు నుంచి నాకు ఉత్తరం రావడం ఇదే మొదలు. పోస్టాయన నన్ను పేరు పెట్టి పిలిచాడు. సంతోషం.

నా గది వీధి వైపు. తలుపు తూర్పుకు. పడుకుంటే తల దక్షిణానికి. ఇంతకంటే దిక్కులు నాకు లేవు.

పెద్దదిక్కు అని నేను చెప్పలేదు. లెక్కలామె వచ్చిన పూట నేను గొడుగు ఊచలు కొనడానికి బజారుకు వెళ్లాను. నేనక్కడ అద్దెకుంటున్నాను, అంతే. ఎవరు చెప్పారో తెలిస్తే మందలిస్తాను. మందలించడం నాకు రాదు. అడుగుతాను.

ఇట్లు,
గొడుగుల మనిషి

తా.క.: మీ గొడుగులో ఒక ఊచ వంగి ఉంటుంది. తెండి. మా పక్క సెలూన్ ఆయన మాత్రం, "దిక్కు అడిగారంటే ఆ దిక్కున కెమెరా పెడతారు తాతా" అంటున్నాడు. పెట్టేట్టయితే ముందు చెప్పండి. చొక్కా వేసుకుంటాను.


గొడుగుల పెద్దాయన గారికి నమస్కారం.

కెమెరా ఏమీ పెట్టము. చొక్కా మీ ఇష్టం.

మీ గురించి ఎవరు ఏం చెప్పారన్నది గోప్యం. ఎవరికీ చెప్పకూడదు. మీకు అసలే చెప్పకూడదు. మొదటి ఉత్తరంలో గడిలో ఉన్న మాట రాసినందుకే మా పై అధికారి నన్ను చీవాట్లు పెట్టారు. దయచేసి ఆ మాట మరిచిపోండి. మరిచిపోయాక, అది నిజమో కాదో తెలుపండి.

ఇంతకీ ఆ ఇంట్లో మీరు చేసేదేమిటి?

ఇట్లు,
చీవాట్లు తిన్న గుమాస్తా

తా.క.: గొడుగు తేవాలంటే వాన తగ్గాలి. వాన తగ్గితే గొడుగు గుర్తుండదు.


అయ్యా, గుమాస్తా గారికి దండాలు.

నా గుట్టు నాక్కూడా చెప్పనంత భద్రంగా దాచారు. మా ఇనప్పెట్టె కూడా అంత గట్టిది కాదు. మీ మేలు మరవను. ఆ మాట మాత్రం మరిచిపోయాను.

నేను చేసేది పెద్దగా ఏమీ లేదు. అమ్మాయి తెల్లారకుండానే డ్యూటీకి వెళ్తుంది. వాళ్లమ్మకు మతిమరుపు. తలుపు తీసి ఉంటే, కూతురు ఉంటుందని కనబడ్డ బస్సల్లా ఎక్కేస్తుంది. అందుకని నేను గుమ్మంలో కూర్చుని గొడుగులు కుట్టుకుంటాను. గుమ్మంలో వెలుతురు బాగుంటుంది. ఆవిడకు అడ్డంగానూ ఉంటాను. కూర్చోవడం కూడా ఒక పనేనా?

కాబట్టి నేను ఏమీ కానని రాసుకోండి. అమ్మాయికి సంజాయిషీ గొడవ వద్దు. ఆమెకు సెలవు దొరకదు.

ఇట్లు,
గొడుగుల మనిషి

తా.క.: ఆవిడ రోజూ నన్ను "ఎవరు నాయనా నువ్వు?" అంటుంది. "గొడుగుల వాణ్ణమ్మా" అంటాను. "వాన పడుతోందా?" అంటుంది. ఎండాకాలంలో కొంచెం ఇబ్బంది.


గొడుగుల పెద్దాయన గారికి,

మీ కోరిక ప్రకారం "పెద్దదిక్కు" కొట్టేశాం. ఇప్పుడు మీరు వేరే కుటుంబం, ఏక సభ్యులు. ఇకపై మీ వివరాలు ఇలా ఉంటాయి:

సంబంధం: లేదు. దిక్కు: లేదు.

ఇవే వివరాలున్న చీటీ దీంతో పాటు వస్తోంది, తలుపుకు అంటించగలరు.

ఒక చిన్న సంగతి. "దిక్కు లేదు" అన్న మాట కనబడగానే మా యంత్రం, వృద్ధాశ్రమం వారి యంత్రానికి కబురు పెట్టింది. ఇదంతా గోప్యమే కదా అని అడిగాను. మనుషుల మధ్య గోప్యం, యంత్రాల మధ్య కాదు అన్నారు. మిమ్మల్ని తీసుకెళ్లడానికి వాళ్ల బండి వస్తుంది. బట్టలు సర్దుకోగలరు.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: ఈ ఉత్తరం రాయడానికి నాకు చేతులు రాలేదు. బండి రాకముందే మీరెవరికైనా ఏదో ఒకటి అయిపోకూడదా, పెద్దాయనా?


అయ్యా, గుమాస్తా గారికి దండాలు.

ఈ ఉత్తరం కొంచెం పొడుగు. క్షమించండి.

చీటీ తలుపుకు అంటించాను. ఆఫీసు మాట కాదంటే బాగుండదు. బట్టలు సర్దుకున్నాను. రెండు జతలే. అమ్మాయికి చెప్పడానికి నోరు రాలేదు.

బండి వచ్చిన రోజున అమ్మాయికి వారపు సెలవు. చీటీ చదివింది. సంచీ చూసింది. నన్ను దాటుకుని వెళ్లి గుమ్మంలో నిలబడింది.

"ఎవర్ని ఎక్కిస్తారు?" అంది.

"దిక్కులేని ముసలాయన ఉన్నాడట" అన్నాడు డ్రైవరు.

"అలాంటివాళ్లు ఈ స్టాపులో ఎవరూ లేరు" అని బండిని అరచేత్తో టపటపా కొట్టి, "రైట్, రైట్!" అంది. ఆ డ్రైవరు ఒకప్పుడు బస్సు నడిపినవాడేమో, పాపం, అలవాటు కొద్దీ పోనిచ్చాడు. తరవాత వెనక్కి రాలేదు.

నా వైపు తిరిగింది. "ఏం బాబాయ్, మీరు మాకేమీ కారని మీరే రాశారా?"

"నీకు సంజాయిషీ పడుతుందమ్మా. నువ్వు ప్రేమకొద్దీ ఏదో చెప్పావు" అన్నాను.

"నేనా? నేను చెప్పలేదు. అద్దెకుంటారనే చెబుదామనుకున్నాను."

అయ్యా, అప్పుడు తెలిసింది. లెక్కలామె వచ్చిన పూట అమ్మాయి రేషన్ కార్డు తేవడానికి లోపలికి వెళ్లిందట. లెక్కలామె వాళ్లమ్మను పేరు అడిగింది. ఆవిడకు గుర్తు రాలేదు. కూతురి పేరు అడిగింది. అదీ గుర్తు రాలేదు. ఊరికే అడిగినట్టు, "ఈ వీధి గదిలో ఎవరుంటారమ్మా?" అంది. ఆవిడ ఠక్కున, "అదేంటమ్మా, మా ఇంటికి పెద్దదిక్కు" అందట.

"ఆ రోజంతటికీ అమ్మ తడుముకోకుండా చెప్పింది ఆ ఒక్కటే బాబాయ్. దాన్ని నేనెలా దిద్దను?" అంది అమ్మాయి.

కాబట్టి అయ్యా, కొట్టేసింది మళ్లీ రాయండి. తప్పయితే సంజాయిషీ నేనిస్తాను. ఆశ్రమం వారికి నా దండాలు చెప్పండి. అంత దూరం నా కోసం వచ్చారు. సాయంత్రాలు పెరట్లో కూర్చుంటాం, మీరూ రండి. మీరు రాయబట్టే నాకీ సంగతి తెలిసింది.

ఇట్లు,
ఆ ఇంటి పెద్దదిక్కు

తా.క.: ఇవాళ పొద్దున కూడా ఆవిడ, "ఎవరు నాయనా నువ్వు?" అంది. ధైర్యం చేసి, "మీ ఇంటి పెద్దదిక్కునమ్మా" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "ఛ, ఆయన నీలా కాదు, చాలా మంచివాడు" అంది.