రామకోటి పుస్తకం, నలభై మూడో పేజీ

మలేసియా దేశము, బాగన్ దాతుక్ జిల్లా సంక్షేమాధికారి గారికి, సుంగై సుమున్ కాపురస్థురాలు దేవుడమ్మ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నన్ను కొట్టువానిని, చూచియు తమకు తెలియజేయనివారిని శిక్షించుట గురించి.

1. నాకు డెబ్బది నాలుగేండ్లు. ఒకప్పుడు ఎస్టేటు కూలీలకు అర్జీలు వ్రాసి పెట్టినదానను. పక్షవాతము వచ్చి కుడి చేయి, మాట పోయినవి. ఎడమ చేతి వంకర అక్షరములు మన్నించవలెను.

2. నా తమ్ముని కొడుకు వినోద్‌కుమార్ నన్ను కన్నతల్లివలె సాకుచున్నాడని ఊరంతా మెచ్చుకొనుచున్నది. వాడు పనికి పోవునప్పుడు మోటారుసైకిలు తాడుతో నా మంచి చేతిని చక్రాల కుర్చీకి కట్టిపోవును. అన్నము ఒలికిన దినమున చెంప పగులును. ఇది రెండేండ్ల మాట.

3. క్లినిక్కు గోడమీద మలాయి భాషలో ఒక నోటీసు కలదు. వృద్ధులను, వికలాంగులను హింసించుట చూచినచో వెంటనే తెలియజేయవలెనట. నర్సు సుమితే నాకు చదివి చెప్పినది. పిమ్మట నా మణికట్టు మీది తాడు వాత చూచినది. "బాత్రూమ్‌లో జారి పడిపోనాది, లా" అని వినోద్ అనగానే కార్డులో అదే వ్రాసి, నన్ను ఆ నోటీసు కిందనే కూర్చుండబెట్టినది. తాడు వాత పడునట్లు జారుట ఎట్లో ఆమెనే అడుగవలెను.

4. రామమందిరం ప్రెసిడెంటు గోపాలసామి మా ఇంటికి వచ్చి, వినోద్ పనికి పోబోవుచు నన్ను కట్టుచుండగా కళ్లారా చూచినాడు. "ఏటి బాబూ, కాస్త తలుపేసుకోరాదా? నలుగురూ సూస్తే మందిరం పేరు పోతాది, లా" అని వానితో అన్నాడు. ప్రసాదము నా ఒడిలో పెట్టి పోయినాడు. కట్టిన చేతితో ఎట్లు తినవలెనో చెప్పలేదు. వాని నోట మన్ను పడ.

5. నాకు జాలి అక్కరలేదు. ముగ్గురినీ ఆ నోటీసు కిందనే, ఆ తాడుతోనే కట్టి, ఒక పగలంతా ఉంచవలెను. నీళ్లు ఎదుటనే పెట్టవలెను, అందకుండ. చట్టములో అట్టి శిక్ష లేనియెడల, ఉన్నవాటిలో పెద్దది వేయవలెను. తీర్పు నాడు వినోద్ మొగము చూచుటకు నేను బ్రతికియుండవలెను గనుక, నన్ను ముందుగా ఈ ఇంటినుండి తప్పించవలెను.

ఇందులో ఒక్క అక్షరము కల్పన లేదని రామునిపై ఆనగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దేవుడమ్మ

తా.క. వీణ టీచరమ్మా, నవమినాడు మందిరమునకు వచ్చు రామకోటి పుస్తకములు తెరచి చూచుదానవు నీవొక్కతెవే. దీనిని ప్రెసిడెంటుకు చూపక, మలాయిలోనికి మార్పించి నేరుగా సంక్షేమాధికారి ఆఫీసులో ఇవ్వుము. వినోద్‌కు తెలుగు మాట వచ్చును గాని అక్షరము రాదు. వాడు ఇంట ఉన్నప్పుడే నా చేతి కట్టు విప్పును గనుక, ఇదంతా వాని ఎదుటనే వ్రాసినాను. ఇప్పుడే పేజీలోనికి తొంగి చూచి, "ఎన్ని రాములైనాయత్తా?" అని అడిగినాడు. ఈ పుస్తకమును నెత్తిన పెట్టుకొని నీకు తెచ్చి ఇచ్చువాడు వాడే. కూర్చుండబెట్టి టీ ఇవ్వుము, పోలీసులు వచ్చువరకు.