కుర్చీ వెళ్ళే కొండదారి

అక్కకు,

క్షేమంగా చేరాను, కంగారు పడకు. వేసవి సెలవుల్లో అమ్మను కూడా ఈ కొండల పార్కుకు నిశ్చింతగా తీసుకురావచ్చు. అడుగు వేయలేని మనిషిని అడవిలో ఎలా తిప్పుతామని దిగులు పడుతూనే ముందుగా చూడడానికి వచ్చాను కదా. గేటు దగ్గర గార్డుతో ఆ మాటే అంటే, "జలపాతం దాకా చెక్కలు పరిచిన దారి ఉందండీ, చక్రాల కుర్చీ హాయిగా వెళ్తుంది" అన్నాడు. నేను నమ్మలేదు. "అయితే మీరే కూర్చుని చూడండి" అంటూ ఆఫీసులోని కుర్చీ తెచ్చి నన్ను కూర్చోబెట్టి తోశాడు. ఎదురొచ్చిన ఒక పెద్దావిడ, "అయ్యో నాయనా, ఇంత చిన్న వయసులోనే!" అని నా తల నిమిరింది. గార్డు నవ్వు ఆపుకోలేక చచ్చాడు. మలుపు తిరగగానే జలపాతం తుంపర మొహాన పడింది. అప్పటికి గాని నా మనసు కుదుటపడలేదు.

గదులు కింది అంతస్తులోనే కావాలని చెప్పాను. అమ్మకు ఉన్ని శాలువా, మందంగా ఉండే మేజోళ్ళు పెట్టు. ఆవిడ కుర్చీ ఎడమ చక్రానికి నూనె వేయించు. బావగారికి సెలవు దొరికిందా? "నేనెందుకే, మీరు వెళ్ళి రండి" అని అమ్మ మళ్ళీ మొదలుపెడితే ఈ కింది ముక్క చదివి వినిపించు.

అమ్మా, నువ్వెవరికీ బరువు కావు. నీ కుర్చీ ఎవరు తోయాలని మా పిల్లలిద్దరూ నేను బయలుదేరిన రోజే జుట్లు పట్టుకున్నారు. ఇక బట్టలు సర్దుకో.

నీ దీవెనలు కోరే
చిన్నోడు