ఐసు పట్టుకున్న పది నిమిషాలు

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని రాశావు గానీ నేను నమ్మలేదు. డయాలసిస్ మొదలై మూడు నెలలైనా కాకముందే "అంతా బాగుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తావా? పన్నెండేళ్లుగా డయాలసిస్ వార్డులో నర్సుగా చేస్తున్నదాన్ని, నా దగ్గరా నీ వేషాలు?

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నీ మేనకోడలికి ముందు పళ్లు రెండూ ఊడాయి, అయినా నోరు మూతపడటం లేదు. మీ బావకు మోకాలినొప్పి తగ్గింది, గొణుగుడు తగ్గలేదు. మూడో ప్రశ్న దగ్గరే నా చేయి ఆగిపోయింది. "రెండు సూదులూ ఎప్పుడూ పాతచోటే గుచ్చమంటున్నాను. అక్కడైతే నొప్పి అంతగా తెలియడం లేదు. మా నర్సు మంచిది, సరేనంటోంది. ఫరవాలేదా?" అని అడిగావు. నాలుగు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది. నిన్న కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఫరవా ఉంది. చాలా ఉంది.

ఆగు, రెండో మంచం దగ్గర యంత్రం కూస్తోంది.

వచ్చాను. ఇక్కడ కొత్త పద్ధతి ఒకటి మొదలుపెట్టాం. సూది గుచ్చడానికి పది నిమిషాల ముందు, సూది పడని చేతికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ మీద, గుడ్డలో చుట్టిన ఐసుముక్క పెడతాం. నొప్పి మాయం కాదు గానీ చాలామందికి తగ్గుతోంది. మొదట నాకూ నమ్మకం కుదరలేదు. తోటి నర్సును బతిమాలి ఆ లావు సూది నా చేతికే గుచ్చించుకున్నాను, ఒకసారి ఐసు లేకుండా, ఒకసారి ఐసుతో. ఐసు లేనప్పుడు నా నోట వచ్చిన మాట ఉత్తరాల్లో రాసేది కాదు. ఐసుతో అయితే పళ్లు బిగించానంతే. ఇన్నేళ్లూ అందరికీ "చీమ కుట్టినట్టు ఉంటుంది" అని చెప్పుకొచ్చాను చూడు, సిగ్గేసింది. ఈ ఉత్తరం కూడా వాళ్లు ఐసు పట్టుకుని కూర్చున్న పది పది నిమిషాల్లోనే ముక్కలుగా రాస్తున్నాను.

ఇక దాచిన మాట. మా వార్డుకొచ్చే, వాచీలు బాగుచేసే గడియారాల బాబాయి గురించి ఇదివరకు రాశాను కదా. సూదుల కోసం ఆపరేషన్ చేసి పెంచిన ఆయన ఎడమచేతి నరం పాడైందనీ రాశాను. ఎందుకు పాడైందో రాయలేదు. నా వల్లేరా. ఆయనా నీలాగే "పాతచోటే కానీ తల్లీ, నీకు పుణ్యముంటుంది" అనేవాడు. జాలిపడి ఏడాదిపాటు అక్కడే గుచ్చాను. అక్కడ నరం ఉబ్బి, చర్మం పలచబడి, ఒకరోజు రక్తం చిమ్మింది. ప్రాణం దక్కింది గానీ ఆ నరం మూసేయాల్సి వచ్చింది. ఇప్పుడు సూదులు కుడిచేతికి, వాచీలు విప్పే చేతికి. "మీ ఒంటి తీరే అంత బాబాయ్" అని ఆయనకు అబద్ధం చెప్పాను.

ఇప్పుడాయన నాలుగో మంచం మీద ఐసు పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"ఎవరికమ్మా ఆ ఉత్తరం?"

"మా తమ్ముడికి బాబాయ్. వాడికీ సూదులే."

"అయితే ఐసు సంగతి రాయి. పాపం, కుర్రాడు."

ఇక కూర్చోలేకపోయాను. కలం పక్కన పడేసి వెళ్లాను.

చెప్పేశానురా. "పాతచోటే గుచ్చకూడదని నాకు అప్పుడే తెలుసు బాబాయ్. తెలిసే గుచ్చాను" అన్నాను. ఐసు కరిగి ఆయన మోచేతి దాకా కారుతున్నా తుడుచుకోలేదు. తిడితే బాగుండుననిపించింది. చివరికి కుడిచేయి చాపాడు.

"ఎల్లుండి మళ్లీ పాతచోటే గుచ్చమని అడుగుతానమ్మా. నొప్పి కదా, అడక్కుండా ఉండలేను. నువ్వు మాత్రం ఒప్పుకోకు."

కొత్తచోట గుచ్చాను.

ఈ ఉత్తరం మీ నర్సుకు చూపించు. ఐసు గురించి అడుగు. సూదులు గుచ్చే నరం ఉన్న చేతికి మాత్రం పెట్టనివ్వకు. "ఒప్పుకోకు" అని బాబాయి అన్న మాటే నీ నోటితో ఆమెకు చెప్పు. చెప్పానని జవాబు రాసేదాకా నాకు కుదురుండదు.

ఇట్లు,
నువ్వెంత బతిమాలినా ఒప్పుకోని
మీ అక్క