బోర్డు మీది నా దస్తూరీ

జూలై 1964, మంగళవారం

ఇవాళ మా నాంపల్లి బడిలో టీకాలు వేశారు. పిల్లల్లో ఒక్కరూ మానలేదు.

నిన్న ఆ సంగతి గేటు పక్కనున్న నల్లబోర్డు మీద రాసింది నేనే. రాస్తుంటే ఆయా ఎల్లమ్మ వచ్చి, "ఏం రాసిన్రు పంతులమ్మా, జర చదువున్రి" అంది. మూడుసార్లు చదివించింది. విసుక్కున్నాను కూడా.

సాయంత్రం బడి వదిలాక చూస్తే తల్లులెవరూ బోర్డు వైపు తల తిప్పలేదు. అందరూ ఎల్లమ్మ చుట్టూ చేరారు. వాళ్లకు చదవడం రాదన్న సంగతి బెజవాడలో ట్రైనింగయి వచ్చిన నాకు తట్టనే లేదు! ఎల్లమ్మ నేను రాసింది ఒక్క మాట పోకుండా తెలుగులో చెప్పింది, మళ్లీ ఉర్దూలో చెప్పింది. ఒకామె భయపడితే తన చెయ్యి చూపించి, "గీడ చూడు, నాకూ ఏసిన్రు. ఏమైంది? ఫికర్ చెయ్యకు, పిల్లను తోలు" అంది.

ఇవాళ హెడ్మాస్టరుగారు అందరి ముందూ నా దస్తూరీని మెచ్చుకున్నారు. ఆ బోర్డు చూసే అందరూ పిల్లల్ని పంపారట. అసలు సంగతి చెబుదామనుకునేలోగా పక్కనే ఉన్న ఎల్లమ్మ, "ఔ సారూ, పంతులమ్మ మంచిగ రాసిన్రు" అంది.

అక్షరమ్ముక్క రాని మనిషి నా రాతకు సాక్ష్యం చెప్పింది. నేను మాత్రం ఆ మెప్పు ఉంచేసుకున్నాను.