ఖరగ్‌పూర్‌లో ‘చాలు’ అంటే

మలంచా, ఖరగ్‌పూర్
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి ఏంజలిన్‌కు,

అమ్మమ్మ దీవెనలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. ఈ ‘క్షేమం’ అనే మాటను కాస్త సాగదీసి వాడుతున్నాను. ఎంత సాగదీశానో ఉత్తరం చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది. అక్కడ నువ్వూ క్షేమమనే రాశావు. నీదీ సాగదీసిన మాటేనని మొదటి పేజీలోనే పట్టేశాను. అబద్ధం నున్నగా చెప్పడం మన ఇంట్లో ఎవరికీ చేతకాలేదు, ఒక్క నాకు తప్ప.

నువ్వు ఫోటోలు తీసి పంపిన ఉత్తరాన్ని మీ అమ్మ తన ఫ్యాక్టరీ ఆఫీసులో ప్రింటు తీయించి తెచ్చింది. ఇది కూడా మియోరా ఫోటోలు తీసి నీ ఫోనుకి పంపుతుంది. మాతో ఇంగ్లీషులోనే మాట్లాడే ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు కనుక ఆమె గురించి నిర్భయంగా రాయొచ్చు. ఇక్కడి ఫిజియోవైన నిన్ను మడగాస్కర్‌కి పంపి, మడగాస్కర్ ఫిజియో అయిన ఈ పిల్లను మన ఇంటికి తెచ్చి, ఎక్కడైనా మోకాళ్లు మోకాళ్లే కదా అనుకున్న ఆ సంస్థవాళ్లకి తెలియనిది ఏమిటంటే, మోకాళ్లు ఒకటే గానీ వాటిమీదుండే మనుషులు వేరు. అది ఇప్పుడు నీకూ తెలిసింది, నాకూ తెలిసింది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ అమ్మ రూతుకి షుగరు అదుపులోనే ఉంది, నోరే అదుపులో లేదు. పక్కింటి ఎర్రయ్య బీడీ మానేశాడని ఎర్రయ్య చెబుతున్నాడు. నీ స్కూటీని మీ అమ్మ వారానికోసారి స్టార్టు చేసి, కాసేపు ధైర్యం చెప్పి, ఆపేస్తోంది. ఇక మియోరా ఏం తింటోందన్నావు. అన్నం. పొద్దునా అన్నమే, మధ్యాహ్నమూ అన్నమే, రాత్రీ అన్నమే. అది అయ్యాక గిన్నె అడుగున మాడిన దాంట్లో నీళ్లు పోసి మరిగించి, గ్లాసులో వంపుకుని మనం టీ తాగినట్టు తాగుతుంది. మన ఇంట్లో అన్నం మాడితే వండినవాళ్లకి తిట్లు. వాళ్లింట్లో ఆ మాడు నీళ్లే ఇంటికొచ్చినవాళ్లకి మర్యాదట. దాంతో మీ అమ్మ వంట అంతర్జాతీయ స్థాయికి ఎదిగింది.

ఉత్తరాలు మానేసి ఫోనులో మాటలు రికార్డు చేసి ఎందుకు పంపుతున్నావని కూడా అడిగావు. దానికి తొందరేం లేదు, వస్తాను.

మియోరాకి ఈ ఊరు అలవాటైందా అన్నావు. ఆ కథ ఒకటి ఉంది. లోకోషెడ్డులో రిటైరైనప్పటి నుంచి ఎర్రయ్యకి మన వరండాలో కూర్చోవడమే ఉద్యోగం కదా. నేను స్నానానికి వెళ్లిన కాసేపట్లో మియోరాకి తెలుగు పాఠం చెప్పేశాడు. ఎవరైనా వడ్డిస్తూ పోతే ఆపడానికి ఏమనాలని ఆమె అడిగిందట, ‘సాలు’ అనమన్నాడట. నలభై ఏళ్లు రైల్వే పిల్లలకి తెలుగు చెప్పి, ఒక్క చకారం కోసం ఎన్ని చెవులు మెలేశానో ఆ దేవుడికి తెలుసు. ఫలితం నా వరండాలోనే కూర్చుని ఉంది.

ఆ వారమే ఎదురింటి బెంగాలీ వదిన, శిప్రా బౌది, మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఇలిశ్ చేప, మన పులస. ఆవిడ భర్త, మన దాదా, స్వయంగా వడ్డించాడు. మూడో ముక్క వేయబోతుంటే మియోరా కంచానికి చెయ్యి అడ్డంపెట్టి, తియ్యగా నవ్వుతూ, “సాలా, సాలా” అంది. మన చివరి ఉకారం ఆ పిల్ల నోటికి తిరగదు. బెంగాలీ ఇంట్లో పెద్దమనిషిని ముఖంమీద శాలా అంటే ఏమవుతుందో నీకు చెప్పాలా? పేరుకి బావమరిది అని అర్థమే గానీ, వీధిలో అయితే తన్నులాట. గరిటె గాలిలో ఆగిపోయింది. బౌది అత్తగారు తులసిమాల తడుముకుంది. నేను బెంగాలీలో వివరించేలోపల చేప చల్లారింది.

ఇంటికొచ్చి ఎర్రయ్యని నిలదీస్తే ఏమన్నాడనుకున్నావు?

“నానేటి తప్పు నేర్పినాను టీచరమ్మా? మా తాత కాడ్నించీ సాలంటే సాలే. బంగాలీవోడికది తిట్టైపోతే ఆడి బాస మార్సుకోమను.”

మియోరా మాత్రం గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అన్నం తినలేదు. వాళ్ల దేశంలో అన్నం మానడమంటే ఎంత పెద్ద మాటో అప్పటికే నాకు తెలుసు. మనుషులకి మేలు చేద్దామని వచ్చి తిట్టిపోసిన దాన్నయ్యాను, వెళ్లిపోతాను అంది. అవును, నీ ఉత్తరంలో నువ్వన్నట్టే. మర్నాడు పొద్దున్నే దాదా గిన్నెలో చేప తోక పులుసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. “నీ శాలా వచ్చాడు దీదీ. చుట్టరికం కలిపింది నువ్వే, ఇంక తప్పించుకోలేవు,” అన్నాడు. ఇప్పుడు మలంచా రోడ్డుమీద ఎక్కడ కనిపించినా టోటో ఆటో ఆపి మరీ ఆ వరసతోనే పలకరిస్తున్నాడు. పెట్టె సర్దడం ఆగింది.

నేనూరుకుంటానా? శుద్ధమైన చకారంతో, ఉకారం స్పష్టంగా పలికేదాకా ‘చాలు’ నేర్పాను. సోమవారం నిమ్‌పురాలో ఆమె పనిచేసే పిల్లల కేంద్రంలో కిచిడీ వడ్డిస్తున్న వంటావిడ మాసీతో మియోరా గర్వంగా “చాలూ” అంది. మాసీ “చాలూ? ఠీక్ ఆఛే” అంటూ, సరేనని ఇంకో గరిటె వేసింది. ఈమె మళ్లీ అంది, ఆమె మళ్లీ వేసింది. బెంగాలీలోనూ హిందీలోనూ చాలూ అంటే నడవనీ, సాగనీ అని కదా. కంచంలో మెతుకు వదలడం ఈ పిల్లకి పాపం. పొట్ట పట్టుకుని ఇంటికొచ్చి, అమ్మమ్మా, ఈ ఊళ్లో ఆగమని చెప్పడానికి మాటే లేదా అని అడిగింది. ఎర్రయ్య వరండాలోంచే, “రైలూరు కదేటమ్మా, ఈడ సాలూ టికెట్టే గాని ఆగే టికెట్టు లేదు,” అన్నాడు. ఆ మనిషి నోట్లోంచి ఏడాదికొక మంచి మాట వస్తుంది, ఈ ఏటిది ఖర్చైపోయింది.

‘చాలు’ని మీ భాషలో ఏమంటారే అని మియోరాని అడిగాను. ‘అంపి’ అంటారట. నేను నవ్వాను. మనకి అంపడమంటే సాగనంపడం. ఏ భాషలోకి వెళ్లినా ఈ మాట మనల్ని ఆగనిచ్చేలా లేదు.

ఇప్పుడు నీ ఉత్తరంలో అసలు సంగతికొస్తాను. భుజం పట్టేసిన ఆ పెద్దాయన, మన రిక్షాలాంటి బండిని పెడలు లేకుండా చేత్తో లాగే ఆయన, నువ్వు వ్యాయామం మొదలుపెట్టగానే “మోర మోర” అంటూ నీ చెయ్యి తోసేస్తాడన్నావు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ నీ టైమరుని చూసి నవ్వుకుంటున్నారన్నావు. “చాలమ్మమ్మా. నేనిక్కడ ఎవరికీ అక్కర్లేదు. వచ్చేయనా? ఒక్క మాట చెప్పు,” అని రాశావు. ఆ వాక్యం దగ్గర సిరా అలుక్కుపోయింది. ప్రింటులో కూడా తెలిసింది.

జవాబు చెప్పేముందు నా ‘క్షేమం’ సంగతి చెప్పాలి. కుర్చీలో కూర్చుని చదువు.

వానలు మొదలైన కొత్తల్లో, ఆరాధన అయ్యాక, చర్చి మెట్లమీద జారిపడ్డాను. గొడుగు ఒకవైపు, బైబిలు ఒకవైపు, నేను మధ్యలో. ఆనాటి ప్రసంగం పతనం గురించే, పాస్టరుగారికి నాకంటే మంచి ఉదాహరణ దొరికి ఉండదు. కుడి మణికట్టు విరిగింది. కట్టు వేశారు, విప్పారు. విప్పాక చూస్తే వేళ్లు నావి కావన్నట్టున్నాయి. చెంచా పట్టలేను, జాకెట్టు హుక్కు పెట్టలేను, కలం సంగతి అడక్కు. అందుకే ఆ రికార్డు చేసిన మాటలు. వీడియోలో నా కుడివైపు ఎప్పుడూ దిండు అడ్డం ఉండేది, నువ్వు గమనించలేదు. మీ అమ్మ చెప్పేస్తానని రోజూ బెదిరించేది. మన సంఘమంతా నీ దగ్గర ఒక రహస్యం దాచింది, ఈ సంఘ చరిత్రలోనే ఇది మొదటిసారి.

ఎందుకు దాచానంటావేమో. అప్పటికే నీ గొంతులో బెంగ వినిపిస్తోంది. నేను పడ్డానని తెలిస్తే నీకు వెనక్కి రావడానికి గౌరవమైన కారణం దొరికేది. పాపం, అమ్మమ్మ కోసం అన్నీ వదులుకుని వచ్చింది అని ఊరంతా మెచ్చుకునేది. నువ్వూ అదే నమ్మేదానివి. ఎందుకొచ్చావో నీకే తెలియకుండా పోయేది. నా మణికట్టు నీకు రిటర్ను టికెట్టు కావడం నాకిష్టం లేకపోయింది. తప్పో ఒప్పో, అలా చేశాను.

చేతికి వైద్యం మియోరాదే. ఆమె పద్ధతి చూస్తే మొదట్లో నాకు ఒళ్లు మండేది. వచ్చి కూర్చుంటుంది. ఆ మాడు నీళ్లు నాకొక గ్లాసు, తనకొక గ్లాసు. ఎదురుగా కూర్చుని తాగుతుంది. ఊళ్లో సంగతులడుగుతుంది. ఆ తర్వాతే నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంటుంది. ఇంత నిదానమైతే నా వేళ్లు పరలోకంలో కదులుతాయని ఎగతాళి చేసేదాన్ని. అయినా ఆమె వేలు వంచగానే ప్రాణం పోయేది. ఆ చెయ్యి విసిరికొట్టేదాన్ని. ఒకరోజు చూపుడువేలు వంచుతుంటే నొప్పికి అరిచాను, ఏమని అరిచానో తెలుసా? “సాలు! సాలు!” అని. చదువూ ఉద్యోగమూ అన్నీ ఎటు పోయాయో, మా నాయనమ్మ నోటిమాట బయటికొచ్చింది.

మియోరా చెయ్యి ఆపి, ఎంతో గంభీరంగా, “ఏ సాలు అమ్మమ్మా? ఆపమనా, తిట్టా, సాగనీ అనా?” అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లతోనే పగలబడి నవ్వాను. వరండాలోంచి ఎర్రయ్య గొప్పగా దగ్గాడు. ఆ నవ్వులో చూసుకోలేదు గానీ, వేలు వంగింది. ఇద్దరం దానివైపు కొత్తగా పుట్టిన పిల్లని చూసినట్టు చూశాం.

అప్పుడర్థమైంది నాకు, నీ రిక్షా పెద్దాయన ఎవరో. ఆయన నేనే. నేను ఎన్నిసార్లు మియోరా చెయ్యి తోసేశానో. ఒక్కసారి కూడా నా ఉద్దేశం నువ్వు నీ దేశానికి పో అని కాదు. ఈ చెయ్యి నాది, దీని భయం నాది, ముందు నన్ను చూడు అని. నువ్వు ఆయన భుజాన్ని చూశావు, టైమరుని చూశావు. ఆయన ముఖం ఎలా ఉంటుందో నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇంకోటి కూడా లేదు. నీ చెయ్యి తోసేసిన మనిషి మర్నాడు పొద్దున మళ్లీ నీ దగ్గరికే ఎందుకొస్తున్నాడు? నేనూ మర్నాడు అదే కుర్చీలో కూర్చునేదాన్ని కనుక అడుగుతున్నాను.

మోర మోర అంటే ఏమిటని మియోరాని అడిగాను. మెల్లగా, నిదానంగా అనట. పొమ్మనడం కాదట. వాళ్ల అమ్మ ఆమెకి నడక నేర్పుతూ అదే అనేదట.

జోడీలో ఒకరు మధ్యలో వెనక్కి తిరిగితే రెండోవాళ్లూ వెళ్లిపోవాలన్నది ఆ సంస్థ నియమం. అది నీకూ తెలుసు. ఆ సంగతి మియోరాకి చెప్పేశాను, దాచడం ఒకటి చాలు ఈ ఇంటికి. ఆమె చేతిలోని గ్లాసు కింద పెట్టింది. ఆ తర్వాత, “ఆమె వస్తే నేను వెళ్తాను. కోపం ఉండదు. కానీ ఆ పెద్దాయనతో ఒక గ్లాసు తాగి రమ్మని చెప్పండి,” అంది. అంతే.

నా చెయ్యి చూసి అక్కడ ఆగిపోకు. ఇదిగో, ఇన్ని పేజీలు రాశాను. అక్షరాలు ఒకటో తరగతి పిల్లవి లాగున్నాయి, ‘క్ష’ రాయడానికి ఊపిరి బిగపట్టాల్సి వచ్చింది. అయినా ఎవరి సాయమూ లేదు. మియోరా వెళ్లిపోయినా మీ అమ్మ ఈ వేళ్లు వంచుతుంది, జాలి లేకుండా వంచుతుంది, నాకు నయమవుతుంది. కనుక నాకోసం రాకు, నాకోసం ఉండకు కూడా.

ఒక్క మాట చెప్పమన్నావు. చెబుతున్నాను: చాలు.

ఆ మాటని తెలుగులో చదువుకుంటే పెట్టె సర్దుకో. స్టేషనుకి నేనే వస్తాను, ఎందుకొచ్చావని ఒక్కరిని కూడా అడగనివ్వను. ఖరగ్‌పూర్‌లో చదువుకుంటే రేపు టైమరు గదిలో వదిలేసి, ఆ పెద్దాయన పక్కన కూర్చుని, ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు రాయి.

నువ్వు పుట్టింది ఏ ఊళ్లోనో నేను గుర్తుచేయను.

ఇట్లు,
కుడి చేత్తోనే,
నీ అమ్మమ్మ
స్వర్ణకుమారి