నాకెవరూ లేరన్న తమ్ముడికి

చిరంజీవి చిన్నోడికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ మీ బావా, ఇంకెవరున్నారు కనక. నువ్వు క్షేమమేనని వేరే రాయక్కర్లేదు, వీడియోలో చూశాను. బాగా ఒళ్ళు చేశావు. కోటు కూడా కుట్టించుకున్నావు. సంతోషం.

ఫోను చేయొచ్చుగా అంటావు. చేస్తే నేను రెండు ముక్కలు మాట్లాడేలోపు "అక్కా, కళ్ళు మూసుకో, ప్రార్థన చేద్దాం" అంటావు. కళ్ళు మూయించి నోరు కూడా మూయిస్తావు. అందుకే ఉత్తరం. దీనికి అడ్డు రావడం నీ తరం కాదు, చచ్చినట్టు చదవాలి.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాళ్ళు అలాగే ఉన్నాయి. ఆసుపత్రి లాండ్రీలో రోజంతా నిలబడే పని, తగ్గమంటే ఎలా తగ్గుతాయి? దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద యంత్రాన్ని బాగుచేశారు, మళ్ళీ పాడైంది. మీ బావకి సుగరు తగ్గింది, నోటి దురుసు తగ్గలేదు. ప్రభువు నిన్నెలా మార్చాడో సభల్లో సాక్ష్యం చెప్పేటప్పుడు చూపించడానికి అమ్మ ఫోటో పంపమన్నావు. పంపను. ఎందుకో చెప్తా విను.

మొన్న భోజనాల వేళ, మా దగ్గర చిరిగిన దుప్పట్లు కుట్టే ఆవిడ ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ఈ సాక్ష్యం చెప్పే బ్రదరు మీ తమ్ముడే కదూ?" అంది. పనివాళ్ళంతా చుట్టూ మూగారు. నేనూ గర్వంగానే చూశాను, అబద్ధమెందుకు. నువ్వు మైకు పట్టుకుని ఏడుస్తున్నావు. "నాకెవరూ లేరు. తాగి రోడ్డు మీద పడి ఉంటే కుక్క కూడా పలకరించలేదు. ఎవరూ లేని నన్ను ప్రభువే వచ్చి ఎత్తుకున్నాడు" అన్నావు. సభంతా స్తోత్రం, స్తోత్రం అని అరిచింది. కుట్టుపని ఆవిడ నా మొహం చూసి గబుక్కున ఫోను ఆపేసింది.

ఎవరూ లేరా? ఒరేయ్, నీకెవరూ లేరా?

బారు మలుపులో నువ్వు పడి ఉంటే ఎత్తుకొచ్చింది నేను కాదూ! మీ బావ నీ కాళ్ళు పట్టుకుంటే నేను చంకల కింద చేతులు వేసి లేపాను. టాక్సీ అతను "కక్కుతాడమ్మా, నా వల్ల కాదు" అంటే, లాండ్రీకి పరుగెత్తి మురికి దుప్పట్లు మోసే బండి తెచ్చి, అందులో పడుకోబెట్టి ఇంటిదాకా తోసుకొచ్చాను. వీధి వీధంతా పళ్ళికిలించింది. అదేమన్నా ఒక్కసారా? ఆ బండి కోసం సూపర్‌వైజరు చేత ఎన్ని మాటలు పడ్డానో నీకేం తెలుసు! ప్రభువు ఎత్తుకున్నాడంటే నేను కాదనను. కానీ ఆయన వాడుకున్న బండి మా లాండ్రీది, తోసిన చేతులు నావి. ఆ ముక్క చెప్పడానికి నీకు నోరు పడిపోయిందా?

ఎందుకలా చెప్పావో నాకు తెలియక కాదు. ముందు బతుకు ఎంత చీకటిగా చూపిస్తే తర్వాతది అంత వెలుగుగా కనబడుతుంది. అందుకని ఇంట్లో ఉన్న దీపాలన్నీ ఊది ఆర్పేసి చెప్పుకొచ్చావు. పైగా, మా అక్క రాతిగుండె కరగాలని మీ చర్చి సంఘం చేత ఉపవాస ప్రార్థన చేయిస్తున్నానని నాకే గొప్పగా రాశావు. "మహాసభకి రా అక్కా, నీ ఆత్మ భారం నాది" అట! ఎవరు ఎవర్ని మోశారో ఇందాకే రాశాను, ఇంకోసారి చదువుకో.

ఇప్పుడు నీ దగ్గర దాచిన సంగతి చెప్తా. కూర్చుని చదువు.

నేను బాప్తిస్మం తీసుకున్నాను. ఈ వీడియో రాకముందే.

నువ్వు మారి, "ఇది పాపపు కొంప" అని ఇల్లు విడిచి పోయావు చూడు, అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. పాస్టరుగారిని కడిగేద్దామని ఆసుపత్రి వెనక చర్చికి పోయాను. నా తమ్ముణ్ణి నాకు కాకుండా చేశారని గొంతు చించుకున్నాను. పాపం, ఆయనది వేరే సంఘం, నువ్వెవరో కూడా తెలీదు. ఆయన బల్లలు తుడవడం ఆపి, అంతా విని, "నన్నంటే ఏం లాభమమ్మా, పైనున్న ఆయన్నే అడగండి. నేను బయటుంటాను" అని గుడ్డ అక్కడ పెట్టి వెళ్ళిపోయారు.

ఖాళీ హాల్లో నిలబడి అడిగాను. అడగడమేంటి, తిట్టాను. అమ్మ మంచాన పడి పోవడం, నాకు పిల్లలు లేకపోవడం, నీ తాగుడు, తాగుడు మానేశాక నువ్వు నన్ను కూడా మానేయడం, అన్నీ. ఎవరూ అడ్డు రాలేదు. మీ బావ సగంలోనే "సర్లే" అంటాడు. అమ్మ "ఆడపిల్లవి, ఊరుకో" అనేది. నా మాట చివరిదాకా సాగింది ఆ రోజే. ఎవరో విన్నారు చిన్నోడా. నీకెలా తెలుసంటే ఏం చెప్పను? అన్నం తిన్నాక కడుపు నిండిందని ఒకళ్ళు చెప్తేనా తెలిసేది? మళ్ళీ వెళ్ళి మళ్ళీ తిట్టాను. కొన్నాళ్ళకి తిట్లు అయిపోయాయి. ఊరికే కూర్చుని వచ్చేదాన్ని. ఇంత హాయి ఒకటి ఉంటుందని నాకు తెలీదు.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే మర్నాడే మైకు పట్టుకుని "నా ప్రార్థన వల్లే మా అక్క రక్షణ పొందింది" అంటావు. నా దేవుణ్ణి నేను తిట్టి సంపాదించుకున్నాను రా. అందులో నీకు వాటా లేదు.

వచ్చే ఆదివారం మా సంఘంలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. కసికొద్దీ ఒప్పుకున్నాను, నిన్ను ఏకిపారేద్దామని. దుప్పట్లు మడతపెడుతూ మనసులో చెప్పుకుంటూ వచ్చాను. భలే కుదిరింది. నువ్వు రాక్షసుడివి, నేను దేవతని. తీరా అమ్మ జబ్బు దగ్గరికొచ్చేసరికి మాట ఆగిపోయింది. నేను డ్యూటీలో ఉంటే అమ్మ వీపు పుళ్ళు కడిగింది నువ్వు. తాగొచ్చిన రోజు కూడా మొహం కడుక్కుని, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని గానీ అమ్మని ముట్టుకునేవాడివి కాదు. పక్కకి తిప్పుతూ "మహారాణీవారి సవారీ బయల్దేరుతోంది" అని నవ్వించేవాడివి. నేనున్నా అమ్మ నీకోసమే చూసేది, నా చేతులు గరుకని.

ఇంత మండిపోతున్నా ఆ ముక్క తీసేయలేకపోతున్నాను. తీసేద్దామనుకుంటే ఆయన వింటున్నాడు. అదే నాకు ఇంకా కోపం. నిన్ను నిశ్చింతగా తిట్టుకునే సుఖం కూడా లేకుండా చేశాడు.

నీ మహాసభకి నేను రాను. ఆదివారం నువ్వే ఇక్కడికి రా. కోటు అక్కర్లేదు. బండి సంగతి చెప్తాను, అమ్మ సంగతీ చెప్తాను. రెండూ చెప్పేటప్పుడు నీ మొహం నాకు కనబడాలి.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని
నీ అక్క