ఇంజను ఆపమన్న అమ్మాయి

ఫిబ్రవరి 9, మంగళవారం
ఓడ మీద, కింది అంతస్తు గది

చిరంజీవి పెద్దబ్బాయికి అమ్మ ఆశీస్సులు. నేను క్షేమం. ఓడ ఊగుతున్నా అక్షరాలు తిన్నగానే పడుతున్నాయి, గమనించు. మేం రేవుకు చేరేలోపే ఇది నీకు అందాలని ఇవాళే రాస్తున్నాను. రేపు దీవి దగ్గర ఆగగానే పోస్టులో వేస్తాను.

ఈ ఓడలో పని చేస్తున్న నీ కూతుర్ని వెంటబెట్టుకు రమ్మని టికెట్టు కొనిచ్చి నన్ను పంపావు. ఒకటో తారీఖున మీ ఆఫీసులో చేర్పిస్తానన్నావు. అది రాదు. ఎందుకో చెబుతాను, చివరిదాకా చదువు.

ముందు ఒక దిద్దుబాటు. దాని పని టూరిస్టులకు చేపలు చూపించడం అని రాశావు. తిమింగలం చేప కాదు. పిల్లకు పాలిస్తుంది. ఈ పాఠం నీకు నేనే చెప్పాను.

నిన్న పొద్దున అందరం డెక్కు మీద టీ తాగుతుంటే ఎదురుగా నీళ్ళు ఎగజిమ్మాయి. తల్లి తిమింగలం, పక్కన దాని పిల్ల. జనం కెమెరాలతో ఒకే పక్కకు ఎగబడ్డారు. కెప్టెన్ ఓడను అటు తిప్పబోయాడు. నీ కూతురు ఆయన దగ్గరికెళ్ళి, "వాటి దారికి అడ్డం పోవద్దు సార్, ఇంజను ఆపండి" అంది. ఆయనకు నీ వయసుంటుంది. ప్రయాణికులు గొడవ చేస్తారని నసిగాడు. ఇది అక్కణ్ణుంచి కదల్లేదు. ఆపాడు.

నా పక్క గదిలో ఉన్న బట్టల కొట్టాయన, "ఇంత దూరం వచ్చింది తోక చూసి పోవడానికా అమ్మాయ్?" అని లేచాడు. "తోక చూపిస్తామని కూడా మేం మాటివ్వలేదండీ. కూర్చోండి, టీ చల్లారిపోతోంది" అంది. కంపెనీకి ఫిర్యాదు చేస్తానన్నాడు. రాసుకోమని తన పేరు అక్షరం అక్షరం విడమరిచి చెప్పింది.

చాలాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత పిల్ల తిమింగలమే మా దగ్గరికొచ్చి, పక్కకు ఒరిగి, ఒంటికన్నుతో మమ్మల్ని చూసింది. తల్లి వచ్చి దాన్ని మెల్లగా తోసుకుపోయింది. పోతూ ఊపిరి వదిలితే నా కళ్ళజోడంతా తుంపర, కుళ్ళు వాసన. బట్టల కొట్టాయన ఫొటో తియ్యడమే మరిచిపోయాడు. భోజనాల దగ్గర అందరూ ఐదింటిని చూశామన్నారు. వచ్చినవి రెండే. వాటినే మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టారు.

తరగతిని కంటిచూపుతో కూర్చోబెట్టినదాన్ని నేను. అది ఎంత కష్టమో తెలుసు. అలాంటి పిల్లను తీసుకొచ్చి మీ ఫైళ్ళ వెనక కుదెయ్యడానికి నేను సాయం రాను. నీకు కోపం వస్తుంది. రానీ.

ఇట్లు,
మాట మార్చని మీ అమ్మ

తా.క.: 'అది రాదు' అన్నది నా మాట, దాని మాట కాదు. నాతో పంపిన నీ ఉత్తరం చదివి అది వెంటనే పెట్టె సర్దుకుంది. నీకు వెళ్ళాలనుందా అని అడిగితే, "నాన్నకి కోపం వస్తుంది నానమ్మా" అంది. నేనడిగినదానికి అది జవాబు కాదన్నాను. ఏడ్చింది. ఓడంతటినీ ఎదిరించిన పిల్లకు నువ్వంటే భయం. పెట్టెలో బట్టలు తీసి నేనే మళ్ళీ అల్మారాలో పెట్టాను. అది వద్దనలేదు. కాబట్టి ఇక జరగవలసినవి:

1. ఆ ఉద్యోగం మా అమ్మాయికి వద్దని ఆఫీసులో నీ నోటితోనే చెప్పాలి.
2. తిరుగు టికెట్లలో దానిది రద్దు చేయించాలి. నాది ఉంచు.
3. దానికి స్వయంగా ఉత్తరం రాయాలి. అందులో సలహాలు ఉండకూడదు.
4. అప్పటికీ కోపం మిగిలితే రేవుకు వచ్చి నా మీద చూపించు.